వదిన బల్లకి నాన్న కొలతలు

మా నాన్నని మా వీధిలో ట్రయల్ మాస్టారు అంటారు. దర్జీ పని మానేసి చాలా కాలమైంది గానీ ఆ పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. కొట్టు నడిపిన రోజుల్లో ఆయన ఏ బట్టనీ ట్రయల్ లేకుండా గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. పెళ్ళికొడుకు కోటయినా, బడిపిల్లల నిక్కరయినా, ముందు కచ్చా కుట్లు వేసి తొడిగించి, అటూ ఇటూ నడిపించి, కూచోబెట్టి, చేతులెత్తించి, "ఎక్కడ పట్టేస్తోంది? నిజం చెప్పు" అని నిలదీసేవాడు. ఆయన దగ్గర జేబురుమాలు కుట్టించుకోవాలన్నా ట్రయల్‌కి వెళ్ళాలని జనం నవ్వుకునేవాళ్ళు. అలాంటి మనిషి తన జీవితం మొత్తం మీద ఒకే ఒక్క వస్తువుని ట్రయల్ లేకుండా చేయించాడు. అది మా వదిన బల్ల. ఇప్పుడు వదిన చెయ్యి బాగయింది కాబట్టి ఇదంతా నవ్వుతూ చెప్తున్నాను. అప్పుడు మాత్రం మా ఇంట్లో ఒక్కరు నవ్విన పాపాన పోలేదు.

నాన్న పొడుగు మనిషి. నిటారుగా నిలబడగలిగితే ఇంకా పొడుగనిపించేవాడు. మెడ ముందుకి వాలిపోయింది, వీపు ఒంగిపోయింది. ఎవరైనా ఎదురుపడితే ఆయన చూపు ముందు వాళ్ళ చొక్కా బొత్తాల మీద పడి, తర్వాత కష్టం మీద మొహం దాకా వెళ్తుంది. కుట్టుమిషనూ, దాని కింద బల్లా ఆయనకి గురువుగారి నుంచి వచ్చాయి. గురువుగారు మనిషి పొట్టి, చెయ్యి గట్టి. ఆయన వాడిన బల్ల అని నాన్న దాన్ని కళ్ళకద్దుకుని తెచ్చుకున్నాడు. తర్వాత మిషనుకి మోటారు పెట్టించాడు, కాలి కింద పెడల్ పెట్టించాడు, దీపం మార్చాడు, బల్ల జోలికి మాత్రం వెళ్ళలేదు. చివరికి ఒక రోజు నడుం పట్టేసి కుర్చీలోంచి లేవలేకపోతే, అన్నయ్యా నేనూ చెరో రెక్కా పట్టుకుని లేపాం. ఆ రోజుతో కొట్టుకి తాళం పడింది. మిషను మా ఇంటి వెనక గదిలోకి చేరింది, దాని మీద పాత దుప్పటి చేరింది. నాన్న మళ్ళీ ఆ దుప్పటి ఎత్తలేదు. అమ్మ అప్పటికే లేదు. ఉంటే నాలుగు తిట్టయినా ఆయన్ని మామూలు మనిషిని చేసేది.

ఇక వదిన సంగతి. మా అన్నయ్య సిటీ బస్సు నడుపుతాడు. వదిన ఇంట్లో కూచుని డాక్టర్ల మాటలు టైపు చేస్తుంది. పెద్దాసుపత్రిలో డాక్టర్లు రోగిని చూశాక, రిపోర్టు రాసే తీరిక లేక కామాలు, ఫుల్‌స్టాపులతో సహా మైకులో గడగడా చెప్పేస్తారు. ఆ రికార్డులు వదిన కంప్యూటర్లోకి వస్తాయి. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, విన్నది అక్షరం పొల్లుపోకుండా కొడుతుంది. కుడికాలి కింద చిన్న పెడల్ ఉంటుంది. ముందుకి నొక్కితే మాట నడుస్తుంది, వదిలితే ఆగుతుంది, మడమతో నొక్కితే వెనక్కి వెళ్తుంది. ఒక డాక్టరు ఆవలిస్తూ చెప్తాడట, ఒకావిడ ఏదో నములుతూ చెప్తుందట. అయినా మందు పేరు దగ్గర తప్పు పోవడానికి వీల్లేదు. ఎవడి ప్రాణం మీదికి వస్తుందో ఎవరికి తెలుసు!

"మామయ్యా, మీదీ నాదీ కాలితో నడిచే పనే" అని వదిన ఒకసారి సరదాకి అంటే నాన్న మురిసిపోయి, కనబడినవాళ్ళకల్లా ఆ మాట చెప్పుకున్నాడు. కన్నకూతుర్ని నేను, మందుల షాపులో రోజంతా నిలబడి పనిచేస్తాను, నా పని గురించి ఆయన ఎక్కడా చెప్పుకోగా వినలేదు. పోనీలెండి.

నేను అదే వీధి చివరి ఇంట్లో ఉంటాను. షాపు నుంచి వస్తూ రోజూ పుట్టింట్లో తొంగిచూడటం అలవాటు. నాకు నోరెక్కువని మా వాళ్ళ అభిప్రాయం. వదినకి నోట్లో నాలుక లేదని నా అభిప్రాయం. అదే అసలు తంటా తెచ్చిపెట్టింది.

వదిన పనిచేసే చోటు భోజనాల బల్ల చివర, గోడ పక్కన. ప్లాస్టిక్ కుర్చీ, దాని ఒక కాలి కింద మడిచిన అట్టముక్క. ల్యాప్‌టాప్ కిందికి ఉంటే తల ఇంకా కిందికి. ఎదురుగా కిటికీ వెలుగు తెర మీద పడి అక్షరాలు కనబడకపోతే ఒక పక్కకి ఒరిగి చూసేది. భోజనాల వేళకి సామానంతా సర్దుకుని లేచేది, గిన్నెలు తీశాక మళ్ళీ పరుచుకునేది. అలా ఏళ్ళు గడిచాక కుడి భుజంలో మొదలైన నొప్పి మోచేతి మీదుగా వేళ్ళలోకి దిగింది. ముందు ఎవరికీ చెప్పలేదు. ఒక రోజు చేతిలోంచి గ్లాసు జారింది. ఇంకో రోజు బొత్తాలు పెట్టుకోలేకపోయింది. జడ వెయ్యడం అన్నయ్య నేర్చుకున్నాడు. బస్సు స్టీరింగు తిప్పే చేతులు కదా, ఆ జడ ఒక వైపు తాడులా, ఒక వైపు పీచులా ఉండేది. ఆ జడ చూశాకే నేను వదిన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను.

ఎముకల డాక్టరు నోరు తెరవగానే వదిన ఉలిక్కిపడింది. ఆయన గొంతు ఆమె చెవుల్లో ఏళ్ళ తరబడి ఉన్న గొంతు. మనిషిని చూడ్డం మాత్రం అదే మొదలు. ఆయన భుజం నొక్కి, మెడ తిప్పి, "మెడ కండరాలు బిగుసుకుని ఉన్నాయి..." అంటుంటే వదిన అలవాటు కొద్దీ, "ఫుల్‌స్టాప్. నరం మీద ఒత్తిడి ఉండవచ్చు" అని అందించేసింది.

డాక్టరు కళ్ళజోడు తీసి చూశాడు. "నా మాట నాకే అప్పజెబుతున్నారేంటండీ?"

"మీవి నేనే టైపు చేస్తానండీ" అంది వదిన సిగ్గుపడుతూ.

ఆయన పగలబడి నవ్వాడు గానీ, చెప్పాల్సింది చెప్పాడు. మందులు నొప్పిని కాసేపు నిద్రపుచ్చుతాయి, అంతే. పనిచేసేటప్పుడు భుజం పైకి లేవకూడదు, మెడ కిందికి వంగకూడదు, పాదం గాల్లో ఉండకూడదు. కూచునే పద్ధతి మారాలి. "నెలాఖరుకి మళ్ళీ చూస్తాను. తగ్గితే సరే. ఇలాగే ఉంటే ఈ పని మానెయ్యమని నేనే రాసివ్వాల్సి వస్తుంది. చెయ్యి శాశ్వతంగా పోగొట్టుకోవడం కన్నా అదే నయం."

అవతల వదిన ఆఫీసులో పెద్ద టైపిస్టు కూడా నెలాఖరు దాకానే గడువిచ్చింది. అప్పటిదాకా సగం రికార్డులే పంపుతానంది. ఆ తర్వాత డాక్టరు సరేనంటే సరి, లేదంటే ఆ సీటు ఇంకొకరికి వెళ్తుంది. ఆవిడ్ని తప్పుపట్టడానికి లేదు, రిపోర్టులు ఆగితే ఆసుపత్రి ఆగుతుంది.

వదిన బస్‌స్టాపులో కూచున్నాక మెల్లిగా అంది. "చిట్టీ, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నానంటే నేను ఎవరి భార్యనీ కాదు, ఎవరి కోడలినీ కాదు. ఎక్కడో ఎవరికో నా వల్ల ఒక మందు సరిగ్గా అందుతోంది. అది పోతే నాకంటూ ఏం మిగుల్తుంది చెప్పు?"  బస్సు రాగానే ఆమె చేతిలోని సంచి నేనే అందుకున్నాను.

ఇంట్లో ఆ సాయంత్రం పెద్ద సభ జరిగింది. అన్నయ్య వెంటనే కుర్చీ కొనేస్తానన్నాడు. డ్రైవర్లకి సీటు పిచ్చి ఉంటుంది. "నా బస్సులో సీటు చూడు. ఒక లివర్ లాగితే ముందుకి, ఒకటి లాగితే పైకి. అందుకే నా నడుం ఇనుములా ఉంది" అని లేచి నడుం చరుచుకున్నాడు. మర్నాడే ఒక కుర్చీ తెచ్చాడు. అది కుర్చీ కాదు, సింహాసనం. నెత్తికి ఆనుడు, చేతులకి ఆనుడు, తిరిగే చక్రాలు. వదిన అందులో కూచుంటే వెనకనుంచి మనిషి కనబడేది కాదు.

"బల్ల సంగతి నాకు వదిలెయ్యండి" అన్నాడు నాన్న. ఆ గొంతులో పాత కొట్టు మాస్టారు పలికాడు. "నా మెడ ఎలాగూ పోయింది. నా కోడలి మెడ పోనివ్వను." డాక్టరు చెప్పిన మూడు మాటలూ నా చేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. భుజం లేవకూడదు, మెడ వంగకూడదు, పాదం తేలకూడదు.

చోటు ఎంచడంలో ఆయనకి వంక పెట్టలేం. ముందు గదిలో చెప్పుల అలమర తీయించేసి, కిటికీ ఎదురుగా కాకుండా పక్కకి వచ్చేలా సుద్దముక్కతో నేల మీద బల్ల గీశాడు. వెలుగు ఎడమ చేతి మీద పడాలి, తెర మీద పడకూడదు. ప్లగ్గు దగ్గర, వంటింటి చప్పుడు దూరం. భోజనాలకి ఎవరూ లేపక్కర్లేదు. ఆ సుద్దగీతల మధ్యలో నిలబడి వదిన చుట్టూ చూసుకుంది. అంత పెద్ద ఇంట్లో ఆమెకంటూ ఒక మూల ఉండటం అదే మొదలు అని నాకు అప్పుడు తట్టింది.

తర్వాత టేపు మెడలో వేసుకుని, "నిలబడమ్మా" అన్నాడు.

వదిన నిలబడింది. దర్జీ ముందు నిలబడితే ఎవరైనా ఎలా నిలబడతారు? ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాగి, సైనికుడిలా. పైగా నిలబెట్టింది సాక్షాత్తు మామగారు. నాన్న భుజం నుంచి మణికట్టు దాకా కొలిచాడు, మణికట్టు నుంచి నేల దాకా కొలిచాడు. "చెయ్యి హాయిగా వేలాడేస్తే ఎక్కడిదాకా వస్తుందో బల్ల అక్కడికి రావాలి. అప్పుడిక చెయ్యి ఎత్తే పనేముంది?" అన్నాడు. ఎంత తెలివైన మాట! అన్నయ్య తలూపాడు, నేనూ తలూపాను. "బట్టలో లోపల మడత వదుల్తాం కదా, అలాగే కాళ్ళలో ఓ నాలుగు వేళ్ళు ఎక్కువ వదుల్దాం. పొడుగైతే కోసుకోవచ్చు, పొట్టైతే అతకలేం."

నాన్న స్నేహితుడు ఒక వడ్రంగి ఉన్నాడు. అతని ఇంటి ముందే కూచుని నాన్న బల్ల చేయించాడు. రోజూ పొద్దున్నే వెళ్ళి కూచునేవాడు, తిండికి పిలిస్తే గానీ వచ్చేవాడు కాదు. చాలా ఏళ్ళ తర్వాత ఆయన మొహంలో పని కనబడింది.

బల్ల వచ్చిన రోజు వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. నిజం చెప్పాలంటే అందంగా ఉంది. చెయ్యి కోసుకోకుండా అంచులు గుండ్రంగా తీశారు. హెడ్‌ఫోన్లు తగిలించుకోవడానికి పక్కన కొక్కెం. ముందు సొరుగు, దాని లోపల మిగిలిపోయిన మఖమలు గుడ్డ అతికించి ఉంది. వైర్లు వెళ్ళే కంత చుట్టూ నాన్న స్వయంగా చేత్తో బొత్తానికి కాజా కుట్టినట్టు గుడ్డ అంచు కట్టాడు. చెక్కకి కాజా కుట్టినవాడు ప్రపంచంలో ఇంకొకడు ఉండడు.

"కూచోమ్మా. ఎలా ఉంది?"

వదిన సింహాసనంలో కూచుంది. బల్ల ఛాతీ దాకా వచ్చింది. లివర్ లాగి కుర్చీ పైకి లేపింది. చేతులకి బల్ల అందింది గానీ కాళ్ళు నేలని వదిలేశాయి. పెడల్ ఎక్కడో కింద ఉండిపోయింది. దగ్గరికి జరగబోతే కుర్చీ చేతులు సొరుగుకి కొట్టుకుని ఆగిపోయాయి. ఆమె మా అందరి మొహాలూ చూసింది, చివరికి నాన్న మొహం చూసింది. ఆ మొహం అంతలా వెలగడం అమ్మ పోయాక నేను చూడలేదు.

"చాలా హాయిగా ఉంది మామయ్యా" అంది.

అంతే, మా ట్రయల్ మాస్టారు ఇంకేం అడగలేదు. నడిపించలేదు, చేతులెత్తించలేదు, "నిజం చెప్పు" అనలేదు. ఆ ఒక్క మాట కోసమే అన్నాళ్ళూ కాచుకుని ఉన్నాడేమో, వినగానే వెళ్ళి పార్కులో స్నేహితులకి చెప్పుకున్నాడు.

తర్వాతి రోజుల్లో వదిన పెడల్ కింద పాత డబ్బా పెట్టింది. డబ్బా జారిపోయేది, మాట మధ్యలో ఆగిపోయేది. నొప్పి తగ్గలేదు సరికదా, మెడ ఎడమ వైపుకి కూడా పాకింది. అడిగితే "కొత్త కదా, అలవాటవ్వాలి" అనేది. నాన్న మాత్రం రోజూ పొద్దున ఆ బల్ల తుడిచేవాడు. మింగలేక కక్కలేక వదిన అవస్థ పడుతుంటే, కారణం తెలియక నేను మందుల్ని తిట్టుకున్నాను. నెలాఖరు దగ్గర పడుతోంది.

ఒక మధ్యాహ్నం షాపు తొందరగా మూసేస్తే ఇంటికి వెళ్ళాను. నాన్న పార్కుకి వెళ్ళాడు. ముందు గదిలో బల్ల దగ్గర ఎవరూ లేరు, వెనక గదిలోంచి మాత్రం టకటకమని కీబోర్డు చప్పుడు. తొంగిచూశాను. నాన్న కొట్టు నాటి ఇస్త్రీ బల్ల ఒకటి ఉంది, మడత కాళ్ళది, పళ్ళు పళ్ళుగా ఉండి ఒక్కో గంటు జార్చితే కిందికి దిగేది. దాన్ని బాగా కిందికి దించి, దాని మీద కీబోర్డు పెట్టి, ఎదురుగా మిషను మీద దుప్పటి పైన రెండు అట్టపెట్టెలు పేర్చి ల్యాప్‌టాప్ ఎత్తుగా పెట్టి, భోజనాల కుర్చీలో కూచుని, పాదం నేలకి ఆనించి పెడల్ తొక్కుతూ వదిన హాయిగా పని చేసుకుంటోంది. భుజాలు దిగి ఉన్నాయి. మొహం తేటగా ఉంది.

నాకు ఒళ్ళు మండింది. "ఇదేం దొంగాట వదినా?" అని వెళ్ళి హెడ్‌ఫోన్లు లాగేశాను.

తేలు కుట్టిన దొంగలా అయిపోయింది పాపం. "మెల్లిగా చిట్టీ! ఆ బల్ల ఎత్తయిపోయింది. ఇక్కడైతే నొప్పి తెలియట్లేదు. మామయ్య వచ్చేలోగా సర్దేస్తాను."

"రోజూ ఇలాగే దాక్కుని చేస్తావా? ఆయన పార్కుకి వెళ్ళినంత సేపే నీకు ఉద్యోగమా? చెప్పి చావొచ్చుగా!"

"ఎలా చెప్పను? ఆయన మొహం చూశావుగా. మళ్ళీ పనిలో పడ్డారు, నవ్వుతున్నారు. 'మీరు చేసింది పనికిరాలేదు మామయ్యా' అని ఏ నోటితో అనను?"

"నీ నోటితో కాకపోతే నా నోటితో అంటాను. నాకు ఉందిగా కావాల్సినంత!"

"వద్దు. నీకు దణ్ణం పెడతాను" అని వదిన నిజంగానే చేతులు జోడించింది. ఆ చేతుల వెనక గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు.

బయట వాన మొదలైందని మేం గమనించలేదు. చేతిలో గొడుగు నీళ్ళు కారుతోంది. ఆయన చూపు ముందు వదిన చేతుల మీద, తర్వాత ఇస్త్రీ బల్ల మీద, తర్వాత కింద పెడల్ మీద ఉన్న పాదం మీద ఆగింది. ఎంతసేపు విన్నాడో తెలియదు. గొడుగు మూలన పెట్టి ముందు గదిలోకి వెళ్ళిపోయాడు. వదిన ఏడుపు ఆపుకోలేకపోయింది. నాకు నా నోటి మీద నాకే కోపం వచ్చింది.

కాసేపటికి తిరిగొచ్చాడు. మెడలో టేపు ఉంది.

"ఆ చెవులవి పెట్టుకో. పని చెయ్యి."

"మామయ్యా, క్షమించండి, నేను..."

"పని చెయ్యమన్నానా?"

వదిన పెట్టుకుంది. వీపు నిటారుగా, ఊపిరి బిగబట్టి కొట్టింది. నాన్న కొలవలేదు. గోడకి ఆనుకుని ఊరికే నిలబడ్డాడు. నేను ఏదో అనబోతే వేలు పెదవి మీద పెట్టాడు. "కస్టమరు ఊపిరి వదిలేదాకా టేపు వెయ్యకూడదు" అన్నాడు గుసగుసగా. రికార్డులో డాక్టరు ఏదో గబగబా చెప్తున్నట్టుంది, వదిన మెల్లిగా అందులో పడిపోయింది. భుజాలు దిగాయి, కాలు తన దారిన తాను పెడల్ నొక్కుతోంది. అప్పుడు వెళ్ళి వంగాడు. వంగడం ఆయనకి కష్టమే, అయినా వంగి నేల నుంచి మోచేతి దాకా, నేల నుంచి మోకాలి పైదాకా, కంటి ఎత్తు, తెర దూరం, అన్నీ ఆమెకి తెలియకుండా తీసుకున్నాడు. లేచి నుదురు కొట్టుకున్నాడు.

"నిలబెట్టి తీశానే! మనిషి నిలబడి పని చేస్తుందా? బట్టకి పర్లేదు, ట్రయల్లో కూచోబెట్టి సరిచేస్తాం. నాకు ట్రయలే గుర్తు రాలేదు." తర్వాత వదిన హెడ్‌ఫోన్లు తీయగానే ఆమె వంతు వచ్చింది. "నువ్వు చేసింది ఇంకా పెద్ద తప్పు. ట్రయల్లో బాగుందని అబద్ధమాడే కస్టమర్ని మించిన శత్రువు దర్జీకి లేడు. అడగందే అమ్మయినా పెట్టదు, చెప్పందే నాకేం తెలుస్తుంది? నా సంతోషం కోసం నీ చెయ్యి పాడుచేసుకుంటావా? ఆ సంతోషం నాకు దేనికి?"

వదిన తల వంచుకుంది. "ఇంకెప్పుడూ అనను మామయ్యా."

"అనకపోవడం కాదు. అను. నిజం అను. ఇదిగో, ఈ ఇస్త్రీ బల్లే మనకి కచ్చా కుట్టు." ఒక గంటు పైకి లేపాడు. "ఎలా ఉంది?"

"బాగుంది మామయ్యా."

"అబద్ధం. భుజం లేచింది."

ఒక గంటు కిందికి దించాడు. "ఇప్పుడు?"

వదిన నోరు పెగల్చుకోవడానికి చాలా కష్టపడింది. "తొడకి తగుల్తోందండి."

"అదీ మాట!" అని నాన్న అంత గట్టిగా అరిచాడు, పక్కింటివాళ్ళు ఏమైందోనని గోడ మీంచి తొంగిచూశారు. నాకు నవ్వు ఆగలేదు. కొన్ని వారాలుగా గుండెల మీద ఉన్న బరువేదో ఆ అరుపుతో దిగిపోయింది.

వడ్రంగి మాత్రం కోయనన్నాడు. "పాలిష్ పెట్టిన బల్ల కాళ్ళకి రంపం పెట్టమంటావేంట్రా, నీకు మతి పోయిందా?" నాన్న నాలుగు కాళ్ళ మీదా సుద్దతో గీశాడు. బెత్తెడు తేడా వచ్చింది. రంపం మొదటి కాలి మీద పడ్డప్పుడు ఆయన కళ్ళు మూసుకోవడం నేను చూశాను. తర్వాత మూడింటినీ దగ్గరుండి కోయించాడు. తెగిన ముక్కలు నాలుగూ తుడిచి పక్కన పెట్టుకున్నాడు. దర్జీ ముక్క పారేయడు. సొరుగుని పక్కకి జరిపించాడు. మనసు చివుక్కుమన్నా, అన్నయ్యే తన సింహాసనానికి చేతులు రెండూ మరలు విప్పి తీసేశాడు. తెర ఎత్తుకి ఒక చిన్న పీట. పాదం నేల మీద, పెడల్ పాదం కింద. వదిన కూచుని, కొట్టి, వెనక్కి ఆనుకుని, "కుర్చీకి నడుం దగ్గర కొంచెం ఖాళీగా ఉంది" అని తనంతట తానే చెప్పింది. మేం ముగ్గురం చప్పట్లు కొట్టాం.

నెలాఖరుకి డాక్టరు మెడ తిప్పి చూశాడు, వేళ్ళు బిగించమన్నాడు, చెయ్యి పైకెత్తమన్నాడు. వదిన చూపూ, నా చూపూ ఆయన నోటికి అతుక్కుపోయాయి.

"పని చేసుకోవచ్చు" అన్నాడు. వదిన ఏమీ అందించలేదు. ఆయనే నవ్వి, "ఫుల్‌స్టాప్ మీరు పెట్టండి" అన్నాడు. అమ్మయ్య అనుకున్నాను, గట్టిగానే అన్నట్టున్నాను, బయట వరసలో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. ఆ సాయంత్రం వదిన తన జడ తనే వేసుకుంది. అన్నయ్య కొంచెం చిన్నబుచ్చుకున్నాడు, అప్పుడప్పుడే చెయ్యి తిరుగుతోందట.

ఇక్కడితో ఆపెయ్యొచ్చు. కానీ ఆ నడుం దగ్గర ఖాళీ ఒకటి మిగిలింది కదా. దానికో దిండు కావాలి. కొనుక్కొద్దామని నేనంటే నాన్న నేరుగా వెనక గదిలోకి వెళ్ళాడు. వెళ్ళి చూస్తే, మిషను మీద దుప్పటి తీసి ఉంది. నూనె వేశాడు, దారం ఎక్కించాడు, పాత కుర్చీలో కూచుని మిషను మీదికి వంగాడు. రెండు జానల కుట్టు వెయ్యకుండానే నడుం పట్టుకుని ఆగిపోయాడు. "ఇంతే. నా వల్ల కాదు" అని లేవబోయాడు.

"లేవకండి మామయ్యా."

వదిన. చేతిలో ఆ నాలుగు చెక్కముక్కలు, మెడలో నాన్న టేపు. "కూచునే ఉండండి. పని చేస్తున్నట్టే ఉండండి. కస్టమరు ఊపిరి వదిలేదాకా నేను ఆగుతాను."

నాన్నకి నవ్వొచ్చింది, ఊపిరి వదిలాడు. ఆమె నేల మీద కూచుని మోచేతి దాకా కొలిచింది. అన్నయ్యా నేనూ ఆ మిషను బల్ల లేపి పట్టుకుంటే, ఒక్కో కాలి కిందా ఒక్కో ముక్క జరిపింది. పొట్టి గురువుగారి బల్ల బెత్తెడు పెరిగింది. నాన్న మళ్ళీ చేతులు పెట్టాడు. మెడ ఎలాగూ నిలబడదు, అది అలాగే గట్టిపడిపోయింది. వీపు మాత్రం వెళ్ళి కుర్చీకి ఆనింది. పని చేస్తుండగా ఆ వీపు కుర్చీకి ఆనడం మా ఎవరికీ తెలియదు.

 కాలితో కింద చెక్కముక్కని తడిమాడు.

"ఇంతేనా?" అన్నాడు. "ఈ బెత్తెడు చెక్కేనా?"

 నాకు ఏడుపొచ్చింది. ఆయన ఒంగిపోయిన కాలమంతా, అమ్మ ఆ నడుముకి నూనె రాసిన కాలమంతా, ఇంట్లో ఏ చెక్కముక్క దొరికినా సరిపోయేది. మాలో ఒక్కరికీ తట్టలేదు, ఆయన ఒక్కసారీ చెప్పలేదు. ఊరందరినీ ఎక్కడ పట్టేస్తోందో చెప్పమని నిలదీసిన మనిషి.

"ఎలా ఉంది మామయ్యా?" అంది వదిన. "నిజం చెప్పండి."

నాన్న పెడల్ నొక్కాడు. మిషను టకటకమని పది అంగుళాలు పరుగెత్తి ఆగింది. ఆయన తల తిప్పి, కష్టపడి ఆమె మొహం దాకా చూపు ఎత్తాడు.

"హాయిగా ఉందమ్మా" అన్నాడు. "చాలా హాయిగా ఉంది."